బాపు బండ

“మీ ఇంట్లో ఎవరికన్నా ఈ జబ్బు ఉండెనా అమ్మా?” అని అడిగింది కంటి దవాఖానలో డాక్టరమ్మ. నా మనవరాలి ఈడు పిల్ల. అప్పటిదాకా నా గడ్డం ఒక మిషన్ మీద పెట్టించి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూడమని, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బుద్ధిగా నొక్కుతూనే ఉన్నాను. నడిమధ్యలో వెలిగినవన్నీ పట్టుకున్నాను గానీ అంచుల్లో వెలిగినవి నా కంటికి రానే లేదట. నీటికాసులు అంది. మందు చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుందని ధైర్యం చెప్పింది. “మా బాపుకు ఉండె,” అన్నాను. ఆమె కంప్యూటర్‌లో ఏదో కొట్టుకుని తర్వాతి మనిషిని పిలిచింది. ఆమె పని అక్కడికి అయిపోయింది. నాకు మాత్రం ఇంటికొచ్చి, అన్నం తిని, చుక్కలు వేసుకుని కళ్ళు మూసుకున్నా కూడా ఏడుపాయల దగ్గర మంజీర ఒడ్డు బండలే కనిపిస్తున్నాయి.

మా బాపు పేరు నర్సింలు. మెదక్ బజారులో సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణం ఉండేది మాకు. పంచర్లు వేయడం, చెయిన్లు బిగించడం, చక్రాల వంకరలు తీయడం కూడా ఆయనే. చేతులు ఎంత కడిగినా నలుపు పోయేది కాదు, దగ్గరికొస్తే కిరోసిన్, రబ్బరు సొల్యూషన్ కలిసిన వాసన. మాట తక్కువ, పౌరుషం మాత్రం మస్తు. ఎవరైనా సాయం చేయబోతే ముఖం అటు తిప్పుకునే మనిషి. అలాంటి బాపుకు లోకంలో ఉన్న ఒక్క దోస్తు గౌస్ చాచా. మా దుకాణం ఎదురుగా రేకు పెట్టెలు చేసేవాడు. పొద్దంతా సుత్తి దెబ్బలు, ఆ దెబ్బల మీదుగా చాచా మాటలు. ఆయన నోరు తెరిస్తే ఆగేది కాదు. బాపు వినేవాడు, అప్పుడప్పుడు ఊఁ అనేవాడు. ఇద్దరికీ అంత చక్కగా ఎట్లా కుదిరిందని అమ్మ ఆశ్చర్యపోయేది. ఒకడు చెప్పనీకి పుట్టిండు, ఒకడు విననీకి పుట్టిండు అని తానే జవాబు కూడా చెప్పుకునేది.

శుక్రవారం చాచా నమాజు అయ్యాక ఇద్దరూ గాలాలు పట్టుకుని మంజీరకు పోయేవారు. ఆ రోజు మా ఇంటి సంబరమే వేరు. పొద్దున్నే బాపు బోరింగు దగ్గర నీళ్ళు పారే చోట మట్టి పెళ్ళగించి ఎర్రలు ఏరి, తడిమట్టితో సహా డబ్బాలో వేసుకునేవాడు. పల్లీ చెక్క నానబెట్టి, గోధుమపిండి కలిపి, చిటికెడు ఇంగువ వేసి ముద్ద చేసేవాడు. ఆ వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఇంట్ల మనుషులకు ఇంగువ లేదు గానీ చేపలకు పోపు గావాలె,” అని సణిగేది. వెదురు కర్రకు దారం చూసుకుని, నెమలి ఈక కాడతో చేసిన బెండు ఒకసారి బకెట్లో తేలించి చూసేవాడు. బయలుదేరేటప్పుడు ఎవరూ “ఎక్కడికి” అని అడగకూడదు. అడిగారంటే బాపు చెప్పులు విప్పి, లోపలికొచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరేవాడు. సాయంత్రం చేపలొచ్చేసరికి అమ్మ ఉల్లిగడ్డలు నిప్పుల్లో కాల్చి ఉంచేది. బూడిదతో రుద్ది, రాళ్ళుప్పుతో కడిగి, చింతపండు పులుసులో వేసి మట్టికుండలో దించేది. ఆ పులుసు మర్నాడు పొద్దున జొన్నరొట్టెతో తినాలి. ఆ రుచి గురించి రాయడం మొదలుపెడితే నాకు వేరే పని జరగదు, వదిలేస్తున్నాను.

నన్ను బాపు తీసుకెళ్ళేది మాత్రం చేపల కాలంలో కాదు, ఎండాకాలంలో. నది ఎండి, బండలన్నీ బయటపడి, పాదాలు కాలిపోయే రోజుల్లో. ఆ ఎండలో గాలం కూడా లేకుండా అక్కడేం పని అని అమ్మ పోట్లాడేది. “నీళ్ళున్నప్పుడు నీళ్ళే కనవడతయ్ బిడ్డా, కింద ఏమున్నదో ఇప్పుడే చూసిపెట్టుకోవాలె,” అనేవాడు బాపు. నన్ను వెంటబెట్టుకుని ఎండిన నదిలో నడిచేవాడు. ఇదిగో ఈ పెద్ద బండ వెనక గుంట చూడు, వానాకాలం నీళ్ళు ఈ బండకు కొట్టుకుని పక్కకు ఉరుకుతాయి, గుంటలో మాత్రం నిమ్మళంగా తిరుగుతుంటాయి. చేప ఆ నిమ్మళంలో నిలబడి, పక్కన ఉరికే నీళ్ళు ఏం తెస్తాయా అని చూస్తుంటుంది. ఇక్కడ రాయి మెట్టులా దిగింది, ఆ మెట్టు అంచున రవ్వ చేప తిరుగుతుంది. ఈ సందులో ఇసుకే ఉంది, చీమ కూడా ఉండదు. బండల మీద ఎండిపోయిన నాచును చూపించి, అక్కడక్కడ గీకినట్టున్న చోట వేలు పెట్టించేవాడు, అవి చేపలు మేసిన గుర్తులని. నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూపించి, వరదొస్తే ఎక్కడిదాకా పైకి పోవాలో చెప్పేవాడు. ఇంట్లో మూగవాడిలా ఉండే మనిషి అక్కడ బడిలో పంతులు లాగా మాట్లాడేవాడు. నాకు చేపల మీద కన్నా బాపు మాటల మీదే ఆశ. ఎండ లెక్కచేయకుండా వెంట తిరిగేదాన్ని.

ఆ ఒడ్డున గాలం వేసేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి బండ వారిది. పట్టా లేదు, కాగితం లేదు, అయినా అందరికీ తెలుసు. బాపు బండ ఏనుగు వీపులా వాలుగా నీళ్ళలోకి దిగి ఉంటుంది, కర్ర గుచ్చి నిలబెట్టడానికి ఒక చిన్న బొక్క కూడా ఉంది దానికి. దాని ముందు ఉరుకు నీళ్ళూ నిలువ నీళ్ళూ కలిసే చోట నురగ గీతలా నిలబడేది. ఒడ్డు మొత్తంలో అంత మంచి జాగా ఇంకోటి లేదు. ఒకరి బండ మీద ఇంకొకరు కూర్చోవాలంటే వాళ్ళింటికి పోయి అడగాలి. “ఈ వారం నువ్వు రాకుంటే జర నీ బండ మీద కూసుంటనే,” అని. సరేనంటే, పడ్డ చేపల్లో సగం వాళ్ళింటికి పంపాలి. అడగకుండా కూర్చునేది ఒక్క చనిపోయిన వాడి బండ మీదే. ఈ మాట గుర్తుంచుకోండి, మా ఇంట్లో జరిగిన గొడవంతా దీని గురించే.

నేను టెన్త్ చదివే రోజుల్లో బాపు చూపు పోవడం మొదలైంది. ముందు పక్కలు పోయాయి. ఎదురుగా ఉన్న స్క్రూ కనిపించేది గానీ పక్కనున్న పానా కనిపించేది కాదు. గుమ్మాలకు భుజాలు తగిలేవి. హైదరాబాదు పెద్ద దవాఖానలో నీటికాసులు అన్నారు, ఆలస్యంగా వచ్చారన్నారు. ఇంటర్‌లోకి వచ్చేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ లేదు. మా బాపు ఏం చేశాడో తెలుసా? ఎవరికీ చెప్పలేదు. మమ్మల్నీ చెప్పనివ్వలేదు. “గుడ్డోడు అని తెలిస్తే బజార్ల మనిషిగ చూడరు,” అన్నాడు. దుకాణంలో కూర్చుని గొంతును బట్టి మనుషుల్ని గుర్తుపట్టేవాడు. చక్రం వంకర చేతివేళ్ళతో తీసేవాడు. కాలేజీ అయ్యాక నేను పక్కన కూర్చుని సైగలకు బదులు దగ్గేదాన్ని, ఆయన అర్థం చేసుకునేవాడు. బజారులో నడవాల్సి వస్తే ఒక సైకిల్ తోస్తూ నడిచేవాడు, చూసేవాళ్ళకు సైకిల్ తీసుకుపోతున్నట్టే ఉండేది. చేపలకు పోవడం మాత్రం ఆగిపోయింది. గౌస్ చాచా అడిగితే నడుము నొప్పి అన్నాడు. ప్రాణంలాంటి దోస్తుకు కూడా నడుము నొప్పే! శుక్రవారం మధ్యాహ్నం వచ్చిందంటే దుకాణంలో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నాకు ఆ వీపు చూస్తే ఏడుపొచ్చేది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. వరద తీసి, దసరా దాటి, నీళ్ళు బండల కిందికి దిగాక ఒక శుక్రవారం సాయంత్రం చాచా మా ఇంటికొచ్చి అమ్మ చేతికి చేపలు ఇచ్చాడు. “వదినే, నర్సిం బండ మీద కూసున్న. ఇగో మీ సగం,” అన్నాడు. అమ్మ సంబరంగా తీసుకుంది. మరుసటి శుక్రవారం మళ్ళీ తెచ్చాడు, ఆ తర్వాత మళ్ళీ. రవ్వలు, జెల్లలు, ఒకసారి చెయ్యంత కొర్రమట్ట. బాపు మొదటిరోజే కంచం ముందు నుంచి లేచిపోయాడు. కడుపులో బాగోలేదేమో అనుకున్నాం. మూడోసారికి బయటపడ్డాడు.

“గౌస్ నన్ను అడిగిండా?” అన్నాడు అమ్మతో.

“ఏమి అడిగేది?”

“నా బండ ఎక్కుతనని అడిగిండా? ఒక్క మాట. అడగకుంట ఎవల బండ ఎక్కుతరో తెల్వదా ఆనికి? నన్ను చచ్చినోళ్ళల్ల కలిపిండు.”

అమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఎదురెదురు దుకాణాలు. చాచా పొద్దున్నే “నర్సిం, చాయ్?” అని కేకేస్తే బాపు వినబడనట్టే ఉండేవాడు. చాచా కాసేపు నిలబడి, ఇంకోసారి పిలిచి, లోపలికి పోయి సుత్తి అందుకునేవాడు. మాట్లాడకుండా సుత్తి కొట్టడం చాచాకు అలవాటు లేదు, ఆ చప్పుడే వేరుగా ఉండేది. కళ్ళు పోయినా బాపు తట్టుకున్నాడు గానీ ఈ దోస్తు పోతే తట్టుకోలేడని నాకు భయం పట్టుకుంది. ఇంతలో ఒక గురువారం రాత్రి అన్నం తింటూ, “లలితా, రేపు పొద్దుగాల నన్ను మంజీరకు తీస్కపో. నా బండ మీద నేను కూసుంట. వచ్చి లేపమను, చూస్త,” అన్నాడు.

అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. “కండ్లు లేని మనిషి నీళ్ళల్లకు పోవుడేంది? కాలు జారితే ఎవలు తీస్తరు? పంచాయితి పెట్టుకోనీకి నీకు బజారు సాలదా?” అంది. అయినా బాపు పొద్దున లేచి గాలపు కర్ర తడుముకుని తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ ఏడుస్తూనే రొట్టెలు మూటగట్టి నా చేతిలో పెట్టి, “చెయ్యి ఇడిసిపెట్టకు,” అంది. చెయ్యి పట్టుకోనిస్తే కదా! బస్టాండు దాకా సైకిల్ తోసుకుంటూనే నడిచాడు, సైకిల్ అక్కడ పెట్టి బస్సెక్కాం.

నది దగ్గర దిగాక మాత్రం నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. గాలి తగలగానే నిలబడి చెవి ఒగ్గాడు. “నీళ్ళు గింతకన్న మీద ఉన్నయా, కింద ఉన్నయా?” అంటూ మోకాలు చూపించాడు. కింద అన్నాను. “నురగ యాడ ఆగింది?” ఉరుకు నీళ్ళకు ఇవతల, పెద్ద బండ దాటాక అన్నాను. “గీత సన్నగున్నదా, ఎడల్పున్నదా?” సన్నగా, మధ్యలో తెగి మళ్ళీ కలిసింది అన్నాను. “తెగిన కాడ మెట్టు ఉన్నది, యాదికున్నదా?” యాదికి ఉంది. ఎండాకాలంలో ఆ మెట్టు మీద కూర్చుని జామపండు తిన్నాను కూడా. నీటి కింద అదంతా ఎక్కడెక్కడ ఉందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంటే, ఇన్నేళ్ళు ఆయన ఎండలో నన్నెందుకు తిప్పాడో అప్పుడు అర్థమైంది. ఆయన కళ్ళు పోతాయని అప్పుడాయనకు తెలియదు. అయినా దాచుకున్నదంతా నాకు ఇచ్చేశాడు.

బాపు బండల మీద కూర్చుని జరుగుతూనే ముందుకు పోయాడు. తన బండ దగ్గరికి రాగానే ముందు చెయ్యి వేశాడు. చెయ్యి కింద ఏదో పటపటమని విరిగింది. ఆగిపోయాడు. మళ్ళీ ఇంకో చోట అరచెయ్యి ఆనించాడు, మళ్ళీ విరిగింది. అది వరద వదిలిపోయిన ఒండ్రు, ఎండి బీటలువారి అప్పడాల్లా అతుక్కుని ఉంది. బండ మొత్తం తడిమాడు. కర్ర గుచ్చే బొక్కలోకి వేలు పెట్టాడు. బొక్క నిండా మట్టి, ఆ మట్టిలో చిన్న గడ్డిపోచ మొలిచి ఉంది. దాన్ని పీకలేదు, వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు.

“గౌస్ బండ చూసి చెప్పు. దాని మీద ఉన్నదా గిట్ల?”

నేను లేచి చూశాను. చాచా బండ అద్దంలా నున్నగా ఉంది. కూర్చున్న చోట మట్టి చుక్క లేదు. పక్కన బీడీ ముక్కలు, ఎర పిండి ఎండిన మరకలు. అటు పక్కనున్న బండలూ అంతే, మనుషులు మసలి శుభ్రమైనవే. ఒక్క మా బాపు బండే నది దిగిపోయినప్పుడు ఎలా వదిలిందో అలా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

“నీళ్ళు దిగినంక దీని మీద మనిషి అనేటోడు కాలు వెట్టలేదు బిడ్డా,” అన్నాడు బాపు. ఒడ్డు మొత్తానికి మేలైన జాగా, అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు, అయినా ఎవ్వరూ ఎక్కలేదు. అరచేతులు రెండూ ఆ ఎండిన మట్టి మీద పెట్టుకుని మా బాపు ఏడ్చాడు. దవాఖానలో చూపు రాదన్నప్పుడు కూడా ఏడవని మనిషి.

మధ్యాహ్నం దాటాక చాచా వచ్చాడు. దూరం నుంచే మమ్మల్ని చూసి నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా తన బండ మీదికి పోయి కూర్చుని, ఎర గుచ్చుకుంటూ, ఏమీ ఎరగనట్టు, “నడుము ఎట్లున్నది నర్సిం?” అన్నాడు.

“నా బండ మీద కూసున్ననని ఎందుకు జెప్పినవ్‌రా?”

చాచా ఎర వదిలేసి లేచి వచ్చాడు. “ఊకె ఇస్తే తీసుకుంటవా నువ్వు?” అన్నాడు. “మొఖాన కొడుదువు. సగం అంటే హక్కు గద, తీసుకుంటవనుకున్న.”

“మరి అడగాలె గద!”

“అడిగితే నువ్వు ఎప్పుడొస్తవో జెప్పాల్సొస్తది. రానని నీ నోట్లకెళ్ళి అనిపియ్యబుద్ధి గాలె.”

బాపు ముఖం చాచా వైపు తిప్పాడు. “కండ్ల సంగతి నీకు ఎప్పటిసంది ఎరుక?”

“అరే, పోయిన ఏడు చాయ్ సాసరు బల్ల మీద పెడుతున్న అని గాలిల పెట్టలే? నా లుంగి కాలిపాయె. అప్పటిసంది ఎరుక,” అన్నాడు చాచా. “నువ్వు నడుమంటివి, నేను నడుమే అన్న.”

బాపు నవ్వాడు. ముందు దగ్గులా వచ్చింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. చాచా కూడా నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ పైన ఇద్దరూ ఒక్క బండ మీదే కూర్చున్నారు. “నీకు కండ్లున్నయ్ గద, నురగ యాడున్నదో జెప్పు,” అంటే చాచా చెప్పడం, “గాడ కాదురా, నీకు కండ్లుండి ఏం లాభం!” అని బాపు తిట్టడం. చాచాకు నిజంగానే నీళ్ళు చూడటం రాదు. ఆయన చేపలన్నీ ఓపికతో పట్టినవే. ఆ రోజు పడ్డవి చిన్న పరకలు, అవి కూడా బాపు నా చేతికిచ్చిన గాలానికే.

ఇప్పుడు ఆ ఒడ్డుకు కుర్రాళ్ళు రీళ్ళున్న గాలాలతో కార్లలో వస్తున్నారు. మంచి జాగా దొరికితే ఫోన్లో లొకేషన్ పంపుకుంటారు. ముందొచ్చినవాడిది బండ. వాళ్ళనేమీ అనను, వాళ్ళ కాలం వాళ్ళది, చేపలు కూడా మాకంటే ఎక్కువే పడుతున్నాయి. కానీ రాని మనిషి ఇంటికి పోయి అడిగే పద్ధతి పోయింది చూడండి, అది మాత్రం నాకు బాధే. ఒకడు రాకపోతే ఎందుకు రాలేదని నలుగురికి పట్టేది. మా పక్కింటావిడ నిన్న దవాఖానకు తోడొస్తానంటే వద్దొద్దు, నాకేమైందని అన్నాను. అన్నాక నాలో బాపు గొంతే వినబడి సిగ్గేసింది.

ఆ శుక్రవారం మేం తిరిగొచ్చేసరికి బజారులో దీపాలు వెలిగాయి. బస్టాండులో సైకిల్ తీసుకోబోతే బాపు వద్దన్నాడు. “అది నువ్వు తోలుకరా,” అని నాతో చెప్పి, చాచా భుజం మీద చెయ్యి వేశాడు. అంతమంది మధ్య అలా నడవడం నేను చూడటం అదే మొదలు. నేను సైకిల్ తోస్తూ వెనక నడుస్తున్నాను. చాయ్ హోటల్ ముందు కూర్చున్న మిఠాయి దుకాణం సత్తయ్య కేకేశాడు. “ఏందే నర్సింలు, గౌస్ భుజం పట్టుకొని నడుస్తున్నవ్? నడుము ఇంక నయం గాలేదా?”

చాచా నోరు తెరిచాడు. ఏదో ఒక అబద్ధం తయారుగానే ఉండి ఉంటుంది ఆయన దగ్గర. బాపు అతని భుజం నొక్కి ఆపాడు.

“నడుము మంచిగనే ఉన్నది,” అన్నాడు, హోటలంతా వినేటట్టు. “కండ్లే పోయినయ్. నాకు కనవడుతలేదు. ఇగ సంది నా దగ్గరికొచ్చినప్పుడు జర మీ పేర్లు చెప్పుండ్రి.”

సత్తయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి, లేచి, రోడ్డు దాటి వచ్చాడు. బాపు ఎదురుగా నిలబడి ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“నేను సత్తయ్యనే, అన్నా,” అన్నాడు.